బర్నౌట్: సెలవు పెట్టినా తీరని అలసట.. టీచర్లు, నర్సులే ఎక్కువగా ఎందుకు చిక్కుకుంటున్నారు?

దసరా సెలవులు అయిపోయాయి. రెస్ట్ దొరికింది, నిద్ర కూడా సరిపోయింది. కానీ బడి తెరిచిన రెండో రోజుకే మళ్లీ అదే నీరసం. పిల్లాడు డౌట్ అడిగితే చిరాకు. ఒకప్పుడు ఇంటి పేర్లతో సహా గుర్తున్న పిల్లలు ఇప్పుడు "ఆ మూడో బెంచీ వాడు", "ఆ లాస్ట్ రో అమ్మాయి" అయిపోయారు. ఇలాంటి టీచర్‌ని చూసి బయటివాళ్లు బద్ధకం అనుకుంటారు. ఇంట్లోవాళ్లయితే "నీడపట్టున కూర్చునే ఉద్యోగం, నీకేం కష్టం?" అనేస్తారు. సైకాలజీలో దీనికి ఒక పేరుంది. అదే బర్నౌట్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 జాబితాలో బర్నౌట్‌కి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. పని చేసే చోట దీర్ఘకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోతే వచ్చే పరిస్థితి ఇదని చెప్పింది. ఇక్కడ ఓ ముఖ్యమైన విషయం ఉంది. దీన్ని జబ్బు అనలేదు, "వృత్తికి సంబంధించిన పరిస్థితి" అంది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ అసలు కథంతా ఇందులోనే ఉంది. జబ్బు అయితే మనిషికి మందు వెతుకుతాం. ఉద్యోగం వల్ల వచ్చిందంటే ముందు ఆ ఉద్యోగాన్ని చూడాలి కదా!

ఈ మాట ఎక్కడ పుట్టింది?

న్యూయార్క్‌లో 1970ల మొదట్లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ ఉండేవారు. పగలంతా సొంత ప్రాక్టీస్, సాయంత్రమైతే డ్రగ్స్‌కి బానిసలైన వాళ్ల కోసం నడిచే ఉచిత క్లినిక్‌లో పని. అక్కడి వాలంటీర్లు కొన్ని నెలలకే నీరసపడిపోవడం, ఎవరి కోసమైతే వచ్చారో వాళ్ల మీదే విసుక్కోవడం ఆయన గమనించారు. ఆ స్థితి ఆయనకీ కొత్త కాదు. 1974లో దీని మీద రాసిన వ్యాసంలో బర్నౌట్ అనే మాట వాడారు. ఆయన చెప్పినదాంట్లో ఆశ్చర్యపరిచే పాయింట్ ఏంటంటే, మనసు పెట్టి పనిచేసేవాళ్లే దీనికి ముందు చిక్కుతారట. ఉద్యోగాన్ని లైట్ తీసుకునేవాళ్లకి ఈ గొడవ తక్కువ!

ఆ తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ క్రిస్టినా మాస్లాక్ నర్సులు, సోషల్ వర్కర్ల లాంటి వాళ్లతో మాట్లాడి, దీన్ని కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారు చేశారు. సుసాన్ జాక్సన్‌తో కలిసి 1981లో తెచ్చిన ఆ ప్రశ్నావళిలో 22 అంశాలుంటాయి. టీచర్ల కోసం విడిగా మరో వెర్షన్ కూడా వచ్చింది. అందులో చూసేవి మూడు. మనసు పూర్తిగా అలసిపోవడం ఒకటి. ఎంత చేసినా ఏం సాధించలేదనిపించడం ఇంకొకటి. ఈ రెండూ చాలామందికి అర్థమవుతాయి.

మూడోదే అసలైన ప్రమాద ఘంటిక. ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం. నర్సుకి పేషెంట్ "ఆరో నంబర్ బెడ్" అవుతాడు. టీచర్‌కి పిల్లాడు ఒక రోల్ నంబర్ అవుతాడు. చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు ఇది. ఇంకా ఇవ్వడానికి లోపల ఏమీ మిగలనప్పుడు మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసుకునే అడ్డుగోడ ఇది. కానీ ఆ గోడకి అవతల ఉన్నది ఏడేళ్ల పిల్లాడు. వాడికి ఈ థియరీ ఏం తెలుసు?

ఈ ఉద్యోగాల్లోనే ఎందుకు?

అమెరికా సోషియాలజిస్ట్ ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌ల మీద ఒక పుస్తకం రాశారు. చేతులతో చేసే పనికి, బుర్రతో చేసే పనికి తోడు మూడో రకం పని ఉందని అందులో చెప్పారు. అదే భావోద్వేగాల పని. లోపల ఎంత కోపం ఉన్నా పైకి నవ్వాలి. లోపల భయం ఉన్నా "ఏం కాదు" అని ధైర్యం చెప్పాలి. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లకి విసుగొస్తే కాసేపు లేచి టీ తాగి రావచ్చు. నలభై మంది పిల్లల మధ్య ఉన్న టీచర్‌కి, క్యాజువాలిటీలో ఉన్న నర్సుకి ఆ అవకాశం ఎక్కడిది?

ఇక ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి చూద్దాం. 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచర్‌తో నడుస్తున్న బడులు లక్షకు పైగా ఉన్నాయి. రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, అక్కడ దాదాపు 12,900 ఉన్నాయి. ఐదు తరగతులు, ఒకే మనిషి. రెండో తరగతికి ఎక్కాలు చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు కొట్టుకుంటారు. మధ్యాహ్న భోజనం, రిజిస్టర్లు, తల్లిదండ్రుల మీటింగ్ అన్నీ ఆ ఒక్కరే. జ్వరం వచ్చి సెలవు పెట్టాలన్నా ముందు పక్క ఊరి బడి నుంచి ఎవరినైనా పంపుతారో లేదో కనుక్కోవాలి. మాట్లాడుకోవడానికి స్టాఫ్ రూం కూడా ఉండదు, ఎందుకంటే స్టాఫే లేరు!

చదువు చెప్పడం కాకుండా మిగతా పనులు

విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 27 ఏం చెబుతుందో తెలుసా? జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు.. ఈ మూడింటికి తప్ప టీచర్లను బోధనేతర పనులకు వాడొద్దు. ఆచరణలో మాత్రం ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. తెలంగాణలో 2024 నవంబర్‌లో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ఎస్జీటీలను ఎన్యూమరేటర్లుగా పంపారు. ప్రైమరీ స్కూళ్లు ఒంటిపూటే నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ముఖం ఫొటోతో హాజరు వేసే యాప్ వచ్చింది. సొంత ఫోన్లలో ప్రభుత్వ యాప్ ఏంటని సంఘాలు అప్పట్లో అభ్యంతరం చెప్పాయి. బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేసే పని కూడా కొన్నాళ్లు టీచర్ల మీదే పడింది.

నిజం చెప్పాలంటే యాప్‌లన్నీ తప్పు కాదు. బడికి రాని టీచర్లు లేరని ఎవరూ అనరు, అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది. కానీ రోజూ సమయానికి వచ్చే టీచర్‌కి కూడా "నిన్ను నమ్మడం లేదు" అన్న సందేశమే అందితే అక్కడే మనసు విరుగుతుంది. మాస్లాక్, మైఖేల్ లీటర్ కలిసి చెప్పిన బర్నౌట్ కారణాల్లో పని భారం ఒక్కటే లేదు. తన పని మీద తనకి పట్టు లేకపోవడం, తగిన గుర్తింపు దక్కకపోవడం, తోటివాళ్ల అండ లేకపోవడం, అన్యాయం జరుగుతోందనిపించడం, నమ్మిన విలువలకి విరుద్ధంగా పనిచేయాల్సి రావడం కూడా ఉన్నాయి. పిల్లలకి చదువు చెప్పాలని ఏళ్ల తరబడి డీఎస్సీకి ప్రిపేరై వచ్చిన మనిషి ఎక్సెల్ షీట్లు నింపుతూ కూర్చుంటే దెబ్బతినేది ఆ చివరిదే.

ప్రైవేటు బడుల్లో కథ వేరేలా ఉంటుంది. చాలాచోట్ల వేసవి సెలవుల్లో టీచర్లే ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఉద్యోగ భద్రత అంతంతమాత్రం. కరోనా టైంలో బడులు మూతపడి జీతాలు ఆగిపోతే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. నిన్నటిదాకా "సార్" అనిపించుకున్న మనిషికి ఆ బియ్యం తెచ్చుకోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలదీ ఇదే దారి. అర్ధరాత్రి పురిటి నొప్పులంటే ఆశా కార్యకర్త వెళ్లాల్సిందే. అయినా ప్రభుత్వ ఉద్యోగి కాదు, గౌరవ వేతనమే. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవల చట్టం వర్తించేంత ముఖ్యమైన పని, కానీ ఉద్యోగిగా గుర్తించేంత కాదు! అన్యాయం అనే కారణానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పిల్లల మీద ప్రభావం ఉంటుందా?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 400 మందికి పైగా ప్రైమరీ పిల్లల లాలాజలం శాంపిల్స్ తీసుకుని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిచారు. టీచర్‌లో బర్నౌట్ ఎక్కువగా ఉన్న తరగతుల్లో పిల్లలకి ఉదయం పూట కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది. టీచర్ ఒత్తిడి పిల్లలకి పాకిందా, లేక ఇబ్బంది పెట్టే క్లాసు వల్ల టీచర్ అలసిపోయారా అన్నది ఈ ఒక్క అధ్యయనంతో తేలలేదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతూ ఉండొచ్చు కూడా.

మరి ఏం చేయాలి?

మామూలు ఒత్తిడైతే పరీక్షలు అయిపోగానే తగ్గుతుంది. బర్నౌట్ అలా కాదు, సెలవుల్లో కాస్త తగ్గినట్టుండి అదే పనిలోకి వెళ్లగానే తిరిగొస్తుంది. అందుకే యోగా, ధ్యానం కొంతవరకే పనిచేస్తాయి. యోగా డే నాడు పొద్దున గంటసేపు ఆసనాలు వేయించి, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో "అర్జెంట్.. రేపు 10 లోపు పంపాలి" అని మెసేజ్ పెడితే లాభమేముంది?

పైసా ఖర్చు లేకుండా బడి స్థాయిలో జరిగే మార్పులు కొన్ని ఉన్నాయి. రోజుకి ఒక్క పీరియడైనా ఖాళీ వచ్చేలా టైం టేబుల్ వేయడం, ఒకే సమాచారాన్ని మూడు ఫార్మాట్లలో అడగకపోవడం, సాయంత్రం తర్వాత మెసేజ్‌లు ఆపడం లాంటివి. హెడ్మాస్టర్, ఎంఈవో అనుకుంటే రేపే మొదలుపెట్టొచ్చు. పోస్టులు భర్తీ చేయడం మాత్రం ప్రభుత్వాల పని.

ఒక జాగ్రత్త. బడి దగ్గరే కాకుండా ఇంట్లో, పండగల్లో, ఇష్టమైన పనుల్లో కూడా ఏదీ రుచించకపోతే, నిద్ర, తిండి దెబ్బతింటే, బతకాలనిపించకపోతే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు డాక్టర్‌ని కలవాల్సిందే. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.