ఊరికే వచ్చే పతకం కాదు

మేధో వైకల్యం ఉన్నవారి కోసం జరిపే స్పెషల్ ఒలింపిక్స్‌లో పవర్‌లిఫ్టింగ్ పోటీలున్నాయంటే "పాపం, వాళ్ల సంతోషం కోసం పెడతారేమో" అనేవాళ్లే ఎక్కువ. చదువుకున్నవాళ్లూ దీనికి మినహాయింపు కాదు. ఆ 'పాపం' వెనకున్న నమ్మకాలు కొన్ని చూద్దాం.

అపోహ: మన దీప్తి జీవాంజి పతకం తెచ్చింది కదా, ఇదీ అదే.

వాస్తవం: అదీ ఇదీ వేరు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి 2024లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది పారిస్ పారాలింపిక్స్‌లో. మేధో వైకల్యం ఉన్నవారికి అక్కడ మూడే ఆటలు: అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్. పారాలింపిక్స్ పవర్‌లిఫ్టింగ్ శారీరక వైకల్యం ఉన్నవారిది, అందులోనూ బెంచ్ ప్రెస్ ఒక్కటే. స్పెషల్ ఒలింపిక్స్ 1968లో షికాగోలో యూనిస్ కెనడీ శ్రైవర్ చొరవతో మొదలైన వేరే ఉద్యమం. ఇక్కడ స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మూడూ ఉంటాయి.

పారాలింపిక్స్ మాట వచ్చింది కాబట్టి మధ్యలో ఒక ముచ్చట. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ ఏ వైకల్యమూ లేనివాళ్లను మేధో వైకల్య విభాగపు బాస్కెట్‌బాల్ జట్టులో దింపి స్వర్ణం కొట్టి, దొరికిపోయింది. దాంతో ఆ విభాగం మొత్తాన్నే తీసేశారు. 2012 లండన్‌లో గానీ తిరిగి చేర్చలేదు. చేసిందెవరో, అనుభవించిందెవరో!

అపోహ: నిబంధనలేం ఉండవు, ఎత్తినవాళ్లందరికీ పతకమే.

వాస్తవం: వేదిక దగ్గర కాసేపు నిలబడి చూస్తే ఈ మాట మళ్లీ అనరు. ముగ్గురు రిఫరీలు ఉంటారు. కనీసం ఇద్దరు తెల్లలైటు వేస్తేనే లిఫ్ట్ చెల్లుతుంది. ఒక్కో లిఫ్ట్‌కు మూడే అవకాశాలు. ఒకసారి చెప్పిన బరువును తర్వాత తగ్గించుకోవడం కుదరదు. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలి.

అసలు కష్టం ఆగడంలో ఉంది. బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీ మీద కదలకుండా నిలవాలి, రిఫరీ "ప్రెస్" అన్నాకే పైకి తొయ్యాలి, "ర్యాక్" అన్నాకే స్టాండు మీద పెట్టాలి. డెడ్‌లిఫ్ట్‌లో మోకాళ్లు బిగించి, భుజాలు వెనక్కి పెట్టి నిలబడ్డాక "డౌన్" వినపడేదాకా బార్ దించకూడదు. బార్ పైకి రాగానే హాలంతా చప్పట్లు. ఆ హడావుడిలో సంబరపడి అరక్షణం ముందే వదిలేస్తే ఎర్రలైట్లే. ఎంత బరువు ఎత్తినా లెక్కలోకి రాదు. అందుకే చాలామంది కోచ్‌లు ముందు బరువు జోలికి పోరు. కర్రో, ఖాళీ బారో చేతికిచ్చి, పిలుపు కోసం ఆగడం వారాల తరబడి అలవాటు చేయిస్తారు.

పతకాల సంగతికొస్తే, వయసు, శరీర బరువు, సామర్థ్యం చూసి డివిజన్లుగా విడగొడతారు. ఒక్కో డివిజన్‌లో ఎనిమిది మందికి మించి ఉండరు. మొదటి ముగ్గురికే పతకాలు, మిగతావారికి రిబ్బన్లు.

అపోహ: డౌన్ సిండ్రోమ్ ఉంటే బరువులు ముట్టుకోకూడదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జాగ్రత్త కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉంటుంది. స్క్వాట్‌లో బార్ మోసేది మెడకు సరిగ్గా కిందే. నడక తేడాగా ఉండటం, చేతుల్లో పట్టు తగ్గడం, మెడనొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి కనిపిస్తే డాక్టర్లు తేల్చేదాకా పోటీకి అనుమతించరు. ఆ లక్షణాలేవీ లేనివారికి, కండరాల బిగువు పుట్టుకతోనే తక్కువ కాబట్టి, పద్ధతిగా చేసే బరువుల సాధన మేలే చేస్తుంది.

అపోహ: వీళ్లకు అసలే కోపం ఎక్కువ, కండలు కూడా పెరిగితే పట్టగలమా?

వాస్తవం: కండకూ కోపానికీ లంకె లేదు. ఆగమన్నప్పుడు ఆగడం నేర్పే ఆట ఇది.

అపోహ: ఎత్తేది మహా అయితే బియ్యం బస్తా బరువు.

వాస్తవం: 2015 లాస్ ఏంజెలెస్ ప్రపంచ క్రీడల్లో కెనడా లిఫ్టర్ జాకీ బారెట్ డెడ్‌లిఫ్ట్‌లో 655 పౌండ్లు, అంటే దాదాపు 297 కిలోలు ఎత్తాడు. బస్తాల లెక్క మీరే వేసుకోండి.

అపోహ: అయితే బలవంతులనే ప్రపంచ పోటీలకు పంపుతారన్నమాట.

వాస్తవం: అదీ కాదు. కింది స్థాయిలో తమతమ డివిజన్లలో మొదటి స్థానం పొందినవాళ్లు కోటా కన్నా ఎక్కువైతే లాటరీ తీస్తారు. 80 కిలోలెత్తి గెలిచినవాడి చీటీ, 200 కిలోలెత్తి గెలిచినవాడి చీటీ ఒకే డబ్బాలో పడతాయి. అతి బలవంతుడు ఇంటి దగ్గరే మిగిలిపోవచ్చు. ఈ నిబంధన కొందరికి మింగుడుపడదు. ఎవరెక్కువ ఎత్తారన్నదే తేల్చుకోవాలనుకునే లిఫ్టర్లకు మామూలు పవర్‌లిఫ్టింగ్ పోటీలు ఎలాగూ ఉన్నాయి. స్పెషల్ ఒలింపిక్స్ నుంచి వచ్చి అక్కడ అందరితో సమానంగా పేరు నమోదు చేసుకుని ఎత్తుతున్నవాళ్లూ ఉన్నారు.