ఏలీయాను దేవుడు నిద్రపోనిచ్చాడు

మన భద్రాచలం అడవి అంచు గ్రామాలలో పంట చేతికొచ్చే రోజుల్లో ఇంటి యజమానికి రాత్రులు మంచె మీదే గడుస్తాయి. అడవి పందులు పడితే తెల్లారేసరికి మొక్కజొన్న చేను నేలపాలే. అట్టి సహోదరుడొకడు ఆరాధనలో కునుకుతుంటే నేను ప్రసంగం ఆపి, పేరు పెట్టి గద్దించాను. "అయ్యగారూ, కన్ను మూసి మూడు రాత్రులైంది" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది.

1 రాజులు 19వ అధ్యాయం తీసి చూడండి. కర్మెలు మీద అంత గొప్ప కార్యం చూచిన ఏలీయా, యెజెబెలుకు భయపడి పారిపోయి, అరణ్యంలో చెట్టు క్రింద చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు, నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చాడు! హోరేబు ప్రయాణం, ఆ మెల్లని స్వరం తరువాతి సంగతులు. నేనైతే ముందు ప్రసంగమే చేసి ఉందును.

మేలుకొనవలసిన రాత్రులు లేకపోలేదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఒడ్డు ఊళ్లలో నిద్ర ఎవరికి పట్టింది? కానీ పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. ఒక్కడే ప్రతి రాత్రీ కావలి కాస్తే ఆ దేహం ఏమి కావాలి?

ఇప్పుడు శనివారం రాత్రులు సంఘపు యౌవనస్థులు వంతులవారీగా అతని మంచె ఎక్కుతున్నారు. మొన్న ఆదివారం కూడా అతడు కునికాడు. ఒక్క రాత్రితో తీరే బాకీనా అది! నేను గొంతు కాస్త తగ్గించాను.