వల్లె వేస్తే చదువు వచ్చినట్టేనా?

'అ' మొదలు బండి 'ఱ' దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లవాణ్ణి చూసి కన్నవారు మురిసిపోవడం పల్లెల్లో మామూలే. పలక మీద నడిమి అక్షరం ఒకటి చూపి ఇదేమిటని అడిగితే మాత్రం ఆ పిల్లవాడు మళ్లీ 'అ' నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. నోటికి వచ్చిందే గాని కంటికి రాలేదన్నమాట.

వీధిబడుల నాటి నుంచి ఉన్నది అక్షర పద్ధతి. ఇసుకలో ఓనమాలు దిద్దించి, 56 అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అయ్యాకే మాటల్లోకి దించేవారు. చేతిరాత కుదిరేది గాని, అర్థమున్న మాట కంటపడేసరికి నెలలు గడిచి పిల్లలకు విసుగు పుట్టేది.

తర్వాత వాచకాల్లోకి పద పద్ధతి వచ్చింది. బొమ్మ చూపి 'అల', 'వల', 'తల' అనిపించి, ఆ మాటల్లోంచే అక్షరాలు విడదీసి నేర్పుతారు. పిల్లలకు ఉత్సాహమే. అయితే బొమ్మ చూసి మాట చెప్పేసేవారూ ఉంటారు. బొమ్మను చేత్తో మూసి చదివిస్తే అసలు సంగతి తేలిపోతుంది.

రెండింటినీ కలిపి నేర్పితే మేలు. నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో మాటలు కట్టించాలి. గుణింతమూ అంతే. 'పాలు', 'పూలు', 'పేలు' పక్కపక్కన రాస్తే, గుర్తు మారితే మాట ఎలా మారుతుందో పిల్లలు నవ్వుతూనే పట్టేస్తారు.

తరగతిని బట్టి గాక, వచ్చినదాన్ని బట్టి పిల్లలను జట్లు చేసి చెప్పే పద్ధతిని 1995లో బొంబాయిలో మొదలైన ప్రథమ్ సంస్థ వ్యాప్తిలోకి తెచ్చింది. అక్షరం, మాట, పేరా, కథ ఇందులో మెట్లు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యం. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' మొదలైంది.

చదువురాని తల్లి కూడా బిడ్డ చదువును పరీక్షించవచ్చు. రేషన్ కార్డులో ఇంటిల్లిపాది పేర్లుంటాయి. ఒక్కో పేరు మీద వేలుపెట్టి, వరస తప్పించి ఎవరిదని అడగాలి. తడబడితే కొట్టడం, తిట్టడం తగదు. మర్నాడే బడికి వెళ్లి పంతులుగారితో చెప్పాలి. ఒకటి రెండు తరగతుల్లో ఆ లోటు పూడ్చకుంటే, పై తరగతుల్లో సైన్సు, సాంఘికమే కాదు, లెక్కల ప్రశ్న కూడా చదవలేక బిడ్డ వెనకబడిపోతాడు.