ఇంటికి వచ్చే నర్సుకు ఏం తెలిసి ఉండాలి?



నేను బడిపంతుల్ని. అందుకే ముందు ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. వారానికి 168 గంటలు. మన ఉద్దానంలో కిడ్నీలు దెబ్బతిన్న మనిషి వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ మంచం మీద ఉంటాడనుకుందాం. మొత్తం 12 గంటలు. మిగిలిన 156 గంటలు ఎక్కడ గడుస్తాయి? ఇంట్లోనే.

ఆ 12 గంటల కోసం ప్రభుత్వాలు కొంత చేశాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీటిని పైపుల ద్వారా ఉద్దానానికి తెచ్చారు. ఈ జబ్బుకు అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు. మరి ఆ 156 గంటలు ఎవరు చూస్తారు? మన సొసైటీకి విరాళాలు ఇచ్చే సోదరులు తరచూ అడుగుతుంటారు, "మందులు కొనిస్తున్నాం కదా, మళ్లీ నర్సు ఎందుకు?" అని. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

మా ఇంట్లో జరిగింది

మా మామూజాన్‌కు డయాలసిస్ జరిగే రోజుల్లో ఇంట్లో సాయానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం. మంచివాడే, ఓపికమంతుడే. కానీ శిక్షణ లేదు. ఒకరోజు బీపీ చూస్తానని ఫిస్టులా ఉన్న చేతికే పట్టీ బిగించాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలను కలిపిన చోటును ఫిస్టులా అంటారు. ఆ చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు, బరువు ఎత్తించకూడదు. రెండు రోజుల తర్వాత ఫిస్టులా మూసుకుపోయిందని తెలిసింది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ ఖర్చు, మళ్లీ నొప్పి.

తప్పు ఆ కుర్రాడిది ఒక్కడిదే కాదు. నీరసంగా ఉన్నాడని మామూజాన్‌కు మేమే రోజూ బొండం కొట్టి ఇచ్చేవాళ్లం. కొబ్బరితోటల మధ్య పుట్టినవాళ్లం, రోగికి అంతకంటే మంచిది ఏముంటుంది అనుకున్నాం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు. ఒంట్లో అది పేరుకుపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఈ సంగతి మాకు చెప్పింది తర్వాత వచ్చిన నర్సమ్మ. ఆమె చెప్పాకే మానేశాం.

ఆమె చేతిలో ఉన్న విద్య

ఆ నర్సమ్మ పని చూశాక నాకు అర్థమైనవి చెబుతాను.

మొదటిది, చూసే కన్ను. రోజూ ఒకే వేళకు బరువు తూచి పుస్తకంలో రాసేది. డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య పెరిగే బరువు చాలావరకు ఒంట్లో చేరిన నీరే. కాళ్ల వాపు, పడుకుంటే వచ్చే ఆయాసం కనిపెట్టేది. ఫిస్టులా మీద వేళ్లు ఆనించి లోపల జలజలమనే కదలిక ఉందో లేదో చూసేది. అది ఆగితే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

రెండోది, మందుల జ్ఞానం. ఒళ్లు నొప్పులని దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మిగిలిన కాస్త కిడ్నీనీ దెబ్బతీస్తాయి. కిడ్నీలు దెబ్బతిన్నకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పాత మోతాదే కొనసాగిస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఇది పసిగట్టి డాక్టరుకు చెప్పాలి తప్ప మోతాదు తానే మార్చకూడదు. తన హద్దు తెలియడం కూడా నైపుణ్యమే.

మూడోది, శుభ్రత. కొందరికి ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే డయాలసిస్ చేస్తారు. సంచీ మార్చే ముందు తలుపు వేయాలి, ఫ్యాను ఆపాలి, మాస్కు కట్టాలి, చేతులు సబ్బుతో కడగాలి. బయటకు వచ్చిన ద్రవం మబ్బుగా ఉంటే లోపల ఇన్‌ఫెక్షన్ అని అనుమానించి, ఆ సంచీతో సహా ఆస్పత్రికి పంపాలి. మంచం పట్టినవారిని రెండేసి గంటలకు ఒత్తిగిల్లించకపోతే పుండ్లు పడతాయి.

నాలుగోది, బోధన. టీచరుగా నాకు బాగా నచ్చింది ఇదే. "అర్థమైందా?" అని ఆమె అడగదు. "మీరు చేసి చూపించండమ్మా" అంటుంది. మా మామీకి బీపీ చూడటం అలాగే వచ్చింది.

ఐదోది, ముందుచూపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని కొట్టినప్పుడు చెట్లు రోడ్లకు అడ్డంగా పడి, రోజుల తరబడి కరెంటు లేదు. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు చల్లగా ఉంచాలి. తుపాను కబురు రాగానే వాటిని ఎక్కడ ఉంచాలి, డయాలసిస్ ఒకరోజు ముందుకు జరపగలరా, నీళ్లూ ఉప్పూ ఎంత తగ్గించాలి అని ఆస్పత్రివాళ్లను అడిగి ఇంటివాళ్లకు చెప్పేది మంచి నర్సు.

ఇక అదబ్. మా ఇంటికి వచ్చిన నర్సమ్మ ముస్లిం కాదు. అయినా నమాజు వేళ అడిగి తెలుసుకుని తన పని సర్దుకునేది. రంజాన్‌లో రోజా ఉంటానని మామూజాన్ పట్టుబడితే వాదించలేదు. డాక్టరుగారితో మాట్లాడించింది. రోగికి ఇస్లాం ఇచ్చిన సడలింపు సంగతి ఇమాం సాబ్ చెప్పారు. ఆయన మనసు కుదుటపడింది.

దాతలకు మనవి

ఏఎన్‌ఎం రెండేళ్ల చదువు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. నర్సుకు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. అడిగి చూడండి. స్నానం చేయించడం, తినిపించడం శిక్షణ పొందిన సహాయకురాలు చేయగలదు. ఇంజెక్షన్, పుండు కట్టు, గొట్టాల సంరక్షణ మాత్రం నర్సు పనే. ఇద్దరూ కావాలి, కానీ ఒకరి పని ఇంకొకరితో చేయించకూడదు.

మందుల బిల్లుతో పాటు ఒక తూకం యంత్రం, ఒక బీపీ యంత్రం, నర్సు బస్సు ఛార్జీ, నెల తిరిగేసరికి ఆమె జీతం కూడా సాయంలో భాగంగా లెక్కపెట్టండి. వీలైతే మన ఊళ్ల ఆడపిల్ల ఒకతె నర్సింగ్ చదువు ఫీజు భరించండి. ఆ చదువు ఎన్నో ఇళ్ల మంచాల దగ్గర ఉపయోగపడుతుంది.

మామూజాన్ ఇప్పుడు లేరు. ఆ నర్సమ్మ వచ్చాక మాతో ఇంకా మూడేళ్లు ఉన్నారు. మనవరాలి నికాహ్ కళ్లారా చూశారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక, రోగులకు సేవ చేసే చేతులకు బలమిచ్చుగాక. ఆమీన్.