అమ్మిన బండికి యజమాని ఎవరు?

విదేశీ ప్రాజెక్టుకు డిప్యుటేషన్‌పై వెళ్ళవలసిందిగా ఉత్తర్వులు చేతికి అందగానే మనలో ప్రతి ఒక్కరూ ఇంటి వ్యవహారాలను ఒక క్రమంలో పెట్టుకోవడం ప్రారంభిస్తారు. పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు, బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె వంటి విషయాలన్నీ ఒక పుస్తకంలో వ్రాసుకుంటారు. వాకిట్లో నిలిచి ఉన్న మోటారు సైకిలు సంగతి మాత్రం చిట్టచివరి రోజుకు మిగిలిపోతుంది. నా విషయంలోనూ అలాగే జరిగింది. ఆ ఒక్క రోజు అజాగ్రత్తకు నేను చెల్లించిన మూల్యాన్ని తోటి ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వీడ్కోలు హడావిడిలో

2013వ సంవత్సరం మే నెలలో నేను మస్కట్ బయలుదేరాను. అప్పటికి ఏడేళ్ళుగా నా వద్ద ఉన్న హీరో హోండా మోటారు సైకిలును ప్రయాణానికి రెండు రోజుల ముందు, మా వీధిలోనే నివసించే ఒక యువకునికి 22,000 రూపాయలకు విక్రయించాను. రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళే తీరిక లేదు. ఫారం 29, ఫారం 30 కాగితాలపై ఖాళీగానే సంతకాలు చేసి, రిజిస్ట్రేషన్ పత్రంతో సహా అతని చేతికి ఇచ్చాను. "పేరు మార్పించుకుంటాను లెండి అన్నయ్యా, మీరు నిశ్చింతగా వెళ్ళి రండి" అన్నాడతను. అతని మాటలో కపటం లేదు. ఇద్దరికీ లేనిది శ్రద్ధ మాత్రమే.

2015 జనవరిలో ఒక సాయంత్రం మా నాన్నగారు ఫోను చేశారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఆయన. డెబ్బై ఏళ్ళు దాటిన వారు. జీవితంలో పోలీసు స్టేషను గడప తొక్కి ఎరుగరు. "ఒరే అబ్బాయీ, మన బండి ఎవరినో గుద్దిందట. బండి మనది కాదు, అమ్మేశామంటే, కాగితంలో నీ పేరే చూపిస్తున్నారు" అన్నారు. ఆ కంఠంలోని వణుకు నాకు నేటికీ జ్ఞాపకమే.

విచారించగా తేలినది ఇది. నా వద్ద కొన్న యువకుడు ఏడాది తిరగకుండానే బండిని వేరొకరికి అమ్మాడు. నేను సంతకం చేసిన ఖాళీ ఫారాలు కూడా బండితో పాటే చేతులు మారాయి. ఎవరూ పేరు మార్చుకోలేదు, బీమా పునరుద్ధరించలేదు. చివరికి దానిని నడుపుతున్న కుర్రవాడు, తోపుడు బండిపై కూరగాయలు అమ్ముకునే ఒక వృద్ధుని ఢీకొన్నాడు. ఆ వృద్ధుని కాలు విరిగింది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు ఆయన వేసిన దావాలో నేనొక ప్రతివాదిని.

చట్టం దృష్టిలో యజమాని

బండి అమ్మి డబ్బు పుచ్చుకున్న నాడే నా బాధ్యత తీరిపోయిందని నేను భావించాను. మనలో అధికులు ఇదే భావనతో ఉంటారు. కాని 1988 నాటి మోటారు వాహనాల చట్టం వేరుగా చెబుతున్నది. ఆ చట్టంలోని 2(30) సెక్షన్ ప్రకారం, సాధారణంగా ఎవరి పేరున వాహనం రిజిస్టరై ఉన్నదో వారే యజమాని. కొనుగోలుదారు మన వీధివాడైనా, మన బంధువైనా రికార్డులో పేరు మారనంత వరకు అతడు వాహనాన్ని అనుభవించేవాడే గాని, మూడవ పక్షం దృష్టిలో యజమాని కాడు.

2018 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానానికి చెందిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని సందేహానికి తావు లేకుండా స్పష్టపరచింది. ఆ కేసులో ఒక కారు 2007లో అమ్ముడై, ఆ తరువాత మరికొన్ని చేతులు మారింది. 2009 మే నెలలో ప్రమాదం జరిగేనాటికి రికార్డులో మొదటి యజమాని పేరే ఉన్నది. పరిహారం బాధ్యత ఆయనదేనని న్యాయస్థానం నిర్ణయించింది. ప్రమాదంలో గాయపడినవారు లేదా మృతుల కుటుంబీకులు, వాహనం ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగవలసిన అగత్యం ఉండరాదన్నదే ఈ నిర్ణయానికి మూలసూత్రం. నాకు కష్టం కలిగించిన నియమమే అయినా, విరిగిన కాలుతో మంచం పట్టిన ఆ వృద్ధుని పక్షాన నిలబడి ఆలోచిస్తే ఇందులోని న్యాయం బోధపడుతుంది.

మా కేసు 2016లో లోక్ అదాలత్‌లో రాజీ అయినది. వృద్ధునికి 1,30,000 రూపాయలు చెల్లించాలని నిర్ణయమైనది. మొదట కొన్న యువకుడు 30,000 ఇచ్చుకోగలిగాడు. మిగిలిన లక్ష నేను చెల్లించాను. 22,000 రూపాయలకు అమ్మిన బండి ఖరీదు నాకు అంత అయినది. సొమ్ము కన్నా, ఆ పదహారు నెలలు నాన్నగారు వాయిదాలకు తిరిగిన శ్రమ నన్ను ఎక్కువగా బాధించింది.

అదే బండి, రెండవ అమ్మకం

రాజీ పత్రంలో మిగిలినవారు వాహనంపై తమకు ఏ హక్కూ లేదని వ్రాసి ఇచ్చారు. ఆ విధంగా నేను అమ్మివేసిన బండి తిరిగి మా వాకిట్లోకే వచ్చి చేరింది. మరల దానిని విక్రయించవలసి వచ్చినప్పుడు నేను మస్కట్‌లోనే ఉన్నాను. ఈసారి పని పద్ధతి ప్రకారం జరిగింది. ఆ క్రమం ఇతరులకు ఉపయోగపడుతుందని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది, అధికార పత్రం. ఫారాలపై సంతకం చేయడానికి యజమాని స్వయంగా రాలేనప్పుడు తన పక్షాన మరొకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చును. సర్వాధికారాలు ఇచ్చే జనరల్ పవర్ ఇందుకు అక్కరలేదు. ఈ ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్ చాలును. అందులో వాహనం రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు వ్రాయాలి. విక్రయించుటకు, సొమ్ము స్వీకరించి రసీదు ఇచ్చుటకు, ఫారం 29, ఫారం 30పై సంతకం చేయుటకు, రవాణా అధికారి ముందు హాజరగుటకు అధికారమిచ్చినట్లు విడివిడిగా పేర్కొనాలి. నేను పాస్‌పోర్టుతో మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి, అధికారి సమక్షంలో సంతకం చేసి ధ్రువీకరణ పొందాను. అపోస్టిల్ ఒప్పందంలో చేరిన దేశాలలో నివసించేవారికి, స్థానిక నోటరీ ముందు సంతకం చేసి ఆ దేశపు అధికారులచే అపోస్టిల్ ముద్ర వేయించుకునే మార్గం కూడా ఉన్నది. 2005 నుండి మన దేశం ఈ ఒప్పందంలో భాగస్వామి.

రెండవది, స్టాంపు సుంకం. విదేశంలో వ్రాసిన అధికార పత్రం భారతదేశానికి చేరిన నాటి నుండి మూడు నెలల లోపు దానికి స్టాంపు వేయించాలని 1899 నాటి భారత స్టాంపు చట్టం నిర్దేశిస్తున్నది. నాన్నగారు దానిని జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో చూపించి ఆ పని పూర్తి చేయించారు. చాలామంది ఈ మెట్టును మరచి, కౌంటరు వద్దకు వెళ్ళిన తరువాత వెనుకకు తిరిగి వస్తారు.

మూడవది, వాహనంపై అప్పు. బ్యాంకు రుణంతో గాని, సంస్థ ఇచ్చిన వాహన అడ్వాన్సుతో గాని కొన్న బండి అయితే రిజిస్ట్రేషన్ పత్రంలో తాకట్టు నమోదై ఉంటుంది. వాయిదాలన్నీ తీరినా ఆ నమోదు దానంతట అదే చెరిగిపోదు. రుణదాత సంతకం చేసిన ఫారం 35ను నిరభ్యంతర పత్రంతో సహా సమర్పించి దానిని తొలగింపజేసుకోవాలి. అడ్వాన్సు తీర్చివేసి ఏళ్ళు గడిచినా ఈ సంగతి పట్టించుకోని మిత్రులు మన సంస్థలో తక్కువ మంది కారు. విదేశానికి బయలుదేరే ముందే అకౌంట్స్ విభాగం నుండి ఆ కాగితం తీసుకొనడం మంచిది. చరాస్తి క్రయవిక్రయాల విలువ నిర్ణీత పరిమితిని మించితే ప్రవర్తనా నియమావళి ప్రకారం యాజమాన్యానికి తెలియజేయవలసి ఉంటుందని కూడా మరువరాదు.

నాల్గవది, గడువులు. ఒకే రాష్ట్రంలో రిజిస్టరైన వాహనమైతే అమ్మినవారు 14 రోజుల లోపు, కొన్నవారు 30 రోజుల లోపు బదిలీ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని చట్టంలోని 50వ సెక్షన్ చెబుతున్నది. అమ్మినవారు ఇచ్చే నోటీసు ఫారం 29. ఇరువురి సంతకాలతో వెళ్ళే దరఖాస్తు ఫారం 30. వాహనం ఇతర రాష్ట్రానికి వెళ్ళేటట్లయితే ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం పొందాలి. ఈ దరఖాస్తుతో పాటు రిజిస్ట్రేషన్ పత్రం, అమలులో ఉన్న బీమా, కాలుష్య ధ్రువపత్రం, కొనుగోలుదారు చిరునామా ఋజువు జతపరచాలి. మా బండికి బీమా లేదు గనుక ముందుగా అది తీసుకొని, తరువాతనే దరఖాస్తు చేశాము.

బీమా విషయంలో మరొక మాట. యాజమాన్యం బదిలీ అయినప్పుడు మూడవ పక్షానికి సంబంధించిన బీమా కొత్త యజమానికి బదిలీ అయినట్లే చట్టం భావిస్తుంది. అయినా, కొన్నవారు 14 రోజుల లోపు బీమా సంస్థకు దరఖాస్తు చేసి పాలసీలో తమ పేరు నమోదు చేయించుకోవాలి. బండికి కలిగే సొంత నష్టానికి రక్షణ మాత్రం దానంతట అది బదిలీ కాదు.

ఐదవది, అప్పగింత రసీదు. బండిని ఏ తేదీన, ఏ గంటకు అప్పగించామో, అప్పటికి కిలోమీటర్ల రీడింగు ఎంతో వ్రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి, కొన్నవారి గుర్తింపు పత్రం నకలు పుచ్చుకొనాలి. నాన్నగారు ఇంకొక షరతు కూడా పెట్టారు. కొనుగోలుదారును వెంట తీసుకొని రవాణా కార్యాలయానికి వెళ్ళి, దరఖాస్తు దాఖలైన తరువాతనే తాళం చెవి అతని చేతిలో పెట్టారు. ఉపాధ్యాయుని పట్టుదల అది!

నేటి సౌకర్యాలు

2016 నాటి ఈ తతంగం ఇప్పుడు కొంత సులభమైనది. 2021లో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ, యాజమాన్య బదిలీ నోటీసు, దరఖాస్తులతో సహా అనేక సేవలను ఆధార్ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో పొందే వీలు కల్పించింది. అమలు తీరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది గనుక, ముందుగా సంబంధిత రవాణా శాఖ నుండి తెలుసుకొనాలి. అయితే ఈ సేవలకు అవసరమైన ఓటీపీ సాధారణంగా రికార్డులో నమోదైన భారతీయ మొబైలు నంబరుకే వస్తుంది. విదేశానికి వెళ్ళగానే ఆ నంబరును రద్దు చేసుకొన్నవారికి తలుపు అక్కడే మూసుకొంటుంది. కనుక ఆ నంబరును సజీవంగా ఉంచుకోవాలి. ఆధార్‌కు, రిజిస్ట్రేషన్‌కు అదే నంబరు జతపడి ఉన్నదో లేదో ప్రయాణానికి ముందే సరిచూసుకొనాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన సలహా ఒక్కటే. ఎంతటి ఆప్తునికైనా ఖాళీ ఫారాలపై సంతకం చేసి ఇవ్వవద్దు. నమ్మకం లేక కాదు; మన సంతకం మనం ఎరుగని చేతులలోకి వెళ్ళినప్పుడు ఆ నమ్మకం వెంట వెళ్ళదు గనుక. నెల రోజుల ముందే ప్రారంభిస్తే బదిలీ పని మనం ఇక్కడ ఉండగానే పూర్తవుతుంది. అది సాధ్యపడనప్పుడు బండిని ఇంట్లోనే ఉంచి, అధికార పత్రం ద్వారా నిదానంగా అమ్మించవచ్చును.

ఆ రెండవ అమ్మకానికి వచ్చిన సొమ్ము 9,000 రూపాయలు. కొద్ది వారాల తరువాత కొత్త యజమాని తన పేరున వచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం నకలును మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి ఫోనులో నాన్నగారు, "ఇప్పుడు అమ్మామురా అబ్బాయీ!" అన్నారు. ఆ నకలు నేటికీ మా బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కనే భద్రంగా ఉన్నది.