పాస్కా రాత్రి

యానాములో 1846లో కట్టిన పునీత అన్నమ్మగారి గుడి కానిండు, మరే ఊరి విచారణ కానిండు, కతోలికులకు ఏడాదిలోకెల్ల పెద్ద రాత్రి పాస్కా జాగరణ రాత్రియే.

పవిత్ర గురువారపు పూజలో మూగబోయిన గంటలు ఆ రాత్రి మరల మ్రోగును. దీపములన్నియు ఆర్పి, గుడి వెలుపల కొత్త నిప్పు రాజేసి, గురువుగారు పెద్ద వత్తిని వెలిగింతురు. దానిపై శిలువ గుర్తు, ఆ సంవత్సరపు అంకెలు చెక్కబడి యుండును. ఆ ఒక్క మంట నుండి చేతి చేతికి వెలుగు ప్రాకి గుడియంతయు నిండును.

మన తాతల నాడు ఈ తంతు శనివారము ఉదయమే ముగిసిపోయెడిది. పట్టపగలు వెలిగించిన వత్తిని చూడవచ్చు వారెందరు? పన్నెండవ పయస్ పోపుగారు 1951లో దీనిని రాత్రివేళ జరుపుటకు అనుమతించి, 1956 నుండి అంతటను స్థిరపరచిరి. రెండవ వాటికన్ మహాసభ (1962–65) పుణ్యమా అని లాటిను చోట తెలుగు వచ్చినది. జ్ఞానస్నానపు వాగ్దానములను నేడు ముసలమ్మలు సైతము అర్థము తెలిసి నోరార పలుకుచున్నారు.

పొరుగు రాష్ట్రములలో తెలుగు బడికి నోచుకొనని మన పిల్లలకు, తెలుగు పూజ జరుగు చోట ఆ ప్రార్థనయే బడి. నిద్ర ముంచుకొచ్చినను సరే, తల్లులారా, ఆ రాత్రి పిల్లలను ఇంట విడిచి పోకుడు.