ఉప్పెన తర్వాత వచ్చిన ట్రాక్టర్

సింగపూర్‌లో కారుకి పదేళ్ళే ఆయుష్షు. ఇక్కడున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే అయినా, అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న అక్కచెల్లెళ్ళ కోసం చెప్తున్నాను. కారు కొనాలంటే ముందు దాన్ని నడిపే హక్కు పత్రం వేలంలో కొనుక్కోవాలి. దాని గడువు పదేళ్ళు. ఆ తర్వాత మళ్ళీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదా బండిని వదిలేసుకోవాలి. టోవా పాయోలో మా బ్లాకు కింద పార్కింగులో మెరుస్తూ ఉన్న బండి ఒకరోజు కనబడదు. ఏ జబ్బూ లేకుండానే పోయిందన్నమాట.

అలాంటి ఊళ్ళో ఉంటూ, మొన్న జూన్ సెలవులు నాలుగు వారాలూ 1978 నాటి ట్రాక్టర్‌ని బాగుచేయించడానికి ఇండియాలో గడిపి వచ్చానంటే పక్క ఫ్లాటు ఆంటీ నమ్మలేదు. మ్యూజియంలో పెడతారా అని అడిగింది.

మ్యూజియం కాదు, మా నాన్నగారి పశువుల కొట్టం. మా ఊరు రేపల్లె దగ్గర, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు పడమటి ఒడ్డున ఉంటుంది. 1977 నవంబరు 19 గురించి అటు వాళ్ళకి చెప్పక్కర్లేదు. దివిసీమ ఉప్పెన అని పేరు పడిపోయింది గానీ నీళ్ళు మా వైపూ వచ్చాయి. వేల మంది పోయారు. పశువుల సంగతి ఎవరు లెక్కపెట్టారు? మా తాతయ్యకి రెండు జతల ఎడ్లు ఉండేవిట. తెల్లవారేసరికి ఒక్కటీ లేదు. ఉప్పు పట్టిన పొలం ఉంది, దున్నడానికి ఏమీ లేదు. మరుసటేడు భూమి తనఖా బ్యాంకులో అప్పు చేసి మాస్సీ ఫెర్గూసన్ కొన్నారు. ఎర్రటి టాఫే బండి, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను. నాన్నకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. దమ్ము చక్రాలు వేసుకుని చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ పొలాలకి దమ్ము చేసేవారట. ఆ బాకీ తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ బండి వంశం చిన్నది కాదు. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు ఆయన, నాగలిని ట్రాక్టర్ వెనక మూడు చోట్ల బిగించి హైడ్రాలిక్స్‌తో పైకెత్తే ఏర్పాటు కనిపెట్టారు. ఈనాటికీ ఏ కంపెనీ ట్రాక్టర్‌కి గొర్రు తగిలించినా ఆ పద్ధతే. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరింది కూడా ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే. మా అమ్మాయికి ఈ సంగతి చెప్పాక గానీ కొట్టంలో ఉన్న తుప్పు బండి మీద గౌరవం కలగలేదు.

2011లో పొలం కౌలుకిచ్చాక బండి కొట్టంలోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. రెండేళ్ళ కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి సరిగా లేవదు, మాట బాగా తగ్గిపోయింది. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఇల్లు, కొట్టం సర్ది అమ్మానాన్నలని తన దగ్గరికి తీసుకువెళ్ళాలని చూస్తున్నాడు. వాడి ఆలోచనలో తప్పు లేదు. ఏప్రిల్‌లో అమ్మ ఫోన్ చేసి, "అమ్మాయ్, పాత ఇనుము వాడు వచ్చాడే. నలభై ఐదు వేలు ఇస్తాట్ట. మీ నాన్న ఏమీ అనట్లేదు, అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు" అంది. జూన్ ఆఖరు దాకా ఆగమని తమ్ముణ్ణి అడిగాను. నడిస్తే ఉంచుదాం, నడవకపోతే తోలెయ్యమన్నాను. వాడు సరేనన్నాడు. నడుస్తుందని వాడికి ఏ కోశానా నమ్మకం లేదు.

రోహిణి కార్తె ఎండల్లో దిగాం. రేపల్లెలో పాత మాస్సీలు తెలిసిన మేస్త్రీ ఒక్కరే మిగిలారు, డెబ్బై దాటాయి. కొట్టం తలుపు తీసి ఆయన ముందు చూసింది ఇంజను కాదు, సైలెన్సర్ గొట్టం. దాని మీద డాల్డా డబ్బా బోర్లించి ఉంది. "ఎవరు పెట్టారు?" అన్నారు. నాన్న పెట్టారు, 2011లో. గాలికి పడిపోయినప్పుడల్లా ఈ పదమూడేళ్ళూ మళ్ళీ పెడుతూ వచ్చింది అమ్మ. "అయితే ఆశ ఉంది" అన్నారాయన.

ఎందుకో చెప్తాను. ఆగిపోయిన ఇంజనులో ఏదో ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే ఉంటుంది. సైలెన్సర్ మూత లేకపోతే వాన నీళ్ళు నేరుగా పిస్టన్ మీదకి దిగుతాయి. రింగులూ లైనరూ తుప్పుతో అతుక్కుపోతే ఇంజను బిగుసుకుపోయిందంటారు. అప్పుడు మొత్తం విప్పాల్సిందే, ఖర్చు లక్ష దాటుతుంది.

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూద్దామని ఊళ్ళో కుర్రాళ్ళు తొందరపడ్డారు. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. నాజిళ్ళు మూడూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఇంజనాయిలూ డీజిలూ కలిపి పోసి, నాలుగు రోజులు వదిలేశారు. ఎండిన రింగుల సందుల్లోకి నూనె తనంతట తనే పాకుతుంది, దీపం వత్తిలోకి పాకినట్టు. అయిదో రోజు ముందున్న పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి చేత్తో తిప్పారు. కదల్లేదు. ఇంకో రెండు రోజులు ఆగాం. ఏడో రోజు పొద్దున్న పానా నా చేతికిచ్చి, "నువ్వు నొక్కమ్మా, మెల్లగా, ఊపు ఇవ్వకు" అన్నారు. వేలెడంత కదిలింది. తర్వాత చెయ్యంత. ఆ తిరుగుడుకి నాజిల్ రంధ్రాల్లోంచి నల్లటి నూనె బయటికి చిమ్మి నా చీర మీద పడింది. ఆ మరక ఇంకా అలాగే ఉంది, ఉతికినా పోలేదు.

డీజిల్ ట్యాంకు విప్పిన రోజు మాత్రం నా వంతు. అడుగున చెరువు నాచులా నల్లటి జిగురు పొర, కుళ్ళిన గుడ్డు కంపు. మేస్త్రీ గారు మడ్డి అన్నారు. నేను చదివింది మైక్రోబయాలజీ. ఆ డిగ్రీ ఇన్నాళ్ళూ టోవా పాయోలో దోసెల పిండి పులియడం గమనించడానికే పనికొచ్చిందని మావారు ఎగతాళి చేస్తుంటారు. ట్యాంకులో రాత్రుళ్ళు గాలిలో తేమ చల్లబడి నీరవుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు గనక అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో శిలీంధ్రాలు, బాక్టీరియా పెరుగుతాయి. డీజిలే వాటికి తిండి. గుడ్డు కంపు ప్రాణవాయువు అక్కర్లేని బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడుది. విమానాల ఇంధన ట్యాంకులకీ ఇదే బెడద. ఇదంతా చెప్తే మేస్త్రీ గారు శ్రద్ధగా విని, "అయితే కొత్త డీజిల్ పోసినా మడ్డి మళ్ళీ వస్తుందంటావు?" అన్నారు. వస్తుంది. పొర మిగిలితే వస్తుంది. అందుకే ట్యాంకులో గుప్పెడు గులకరాళ్ళు, కిరసనాయిలు పోసి మూడు సార్లు కుదిపి కడిగాం. ఇక ముందు ట్యాంకు నిండుగా ఉంచమని చెప్పాను. ఖాళీ ఎంత తక్కువ ఉంటే తేమ అంత తక్కువ.

ఇంజెక్షన్ పంపు, నాజిళ్ళు విజయవాడ ఆటోనగర్ వెళ్ళాయి. మీలో ఎవరికైనా పాత బండి ఉంటే చెప్తున్నా, ఆ ఒక్క పనిలో పొదుపు చూసుకోకండి. డీజిల్ ఇంజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు కుదిస్తే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. కానీ అది మంచు తుంపరలా పడాలి, ధారగా కాదు. ఆటోనగర్‌లో నాజిల్‌ని టెస్టరుకి బిగించి చూపించారు. ఒకటి చెంబుతో పోసినట్టు కారింది. కొత్తవి వేయించాం. ఆ తుంపర దగ్గర చెయ్యి పెట్టకూడదు సుమా, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

రేడియేటర్, హోసులు, వైర్లు మామూలే. వైర్లు ఎలుకలు తిన్నాయి. ఆయిల్ మార్చాం. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి పట్టేసి ఉంది, పెడల్ నొక్కి చెక్క అడ్డం పెట్టి వారం ఉంచితే ఒక మధ్యాహ్నం టక్కుమని వదిలింది.

జూన్ 19న స్టార్ట్ చేశాం. ముందు ఎయిర్ తీయాలి. డీజిల్ లైన్లో గాలి బుడగ ఉంటే పంపు దాన్నే నొక్కుతూ ఉంటుంది, డీజిల్ ముందుకి పోదు. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి చేత్తో పంపు కొడుతుంటే నురగ వచ్చి వచ్చి చివరికి బుడగ లేని ధార వచ్చింది. తర్వాత పంపు దగ్గర, తర్వాత నాజిల్ పైపుల దగ్గర. మేస్త్రీ గారు ఒక మందపాటి చెక్క పలక నా చేతికిచ్చి గాలి గొట్టం పక్కన నిలబెట్టారు. పంపు గవర్నర్ బిగిస్తే ఇంజను ఆపినా ఆగకుండా పరుగెత్తుతుంది. అప్పుడు గాలి మూసేయడమే మార్గం. తాళం తిప్పిన ప్రతిసారీ నా గుండె దడదడలాడింది.

అయిదోసారికి అందుకుంది. కొట్టం అంతా తెల్లటి పొగ. కుర్రాళ్ళు ఈలలు వేశారు, అమ్మ దండం పెట్టుకుంది. ఆయిల్ ప్రెషరు ముల్లు లేచింది. కానీ శబ్దం కుంటుతోంది. మేస్త్రీ గారు చెవి పెట్టి వింటున్నారు. వెనక కుర్చీలో కూర్చున్న నాన్న ఎడమ చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించారు. తర్వాత, కాస్త ముద్దగానే అయినా, "మూడోది కొట్టట్లేదు" అన్నారు. ఆ నెలలో ఆయన నోట పూర్తి వాక్యం నేను వినడం అదే మొదలు.

నడుస్తుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ కాస్త వదులు చేశారు మేస్త్రీ గారు. మొదటిది వదిలితే ఇంజను శబ్దం పడిపోయింది, రెండోదీ అంతే. మూడోది వదిలినా ఏ తేడా లేదు. అంటే అది పనిచేయట్లేదనే. నాజిల్ కొత్తదే, పైపు పాతది. అందులోంచి తుప్పు రేణువు వచ్చి నాజిల్ సూదిని పట్టేసింది. పైపు ఊది, నాజిల్ కడిగి బిగిస్తే చీకటి పడేలోగా మూడూ కలిశాయి. ఆ రాత్రి నాన్న ఇంకో మాట మాట్లాడలేదు, అన్నం మాత్రం పూర్తిగా తిన్నారు.

ఖర్చు మొత్తం 40,000 దాటింది. ముందు టైర్లు పాతవి దొరికాయి కాబట్టి అంతే. లెక్క చూస్తే పాత ఇనుము ధరకి దాదాపు సమానం, ఆ మాట తమ్ముడు అననే అన్నాడు. అమ్మకం మాత్రం ఆగింది. అమ్మానాన్నల హైదరాబాదు ప్రయాణం ఆగలేదు, సంక్రాంతి తర్వాత అనుకుంటున్నారు. కౌలు చేసే అబ్బాయి జులైలో అరెకరం మడికి ఈ బండితోనే దమ్ము చేసి వీడియో పంపాడు. ఇల్లు మూశాక బండి తనే చూసుకుంటానన్నాడు, కొట్టం అద్దె సంగతి ఇంకా తేలలేదు.

ప్రస్తుతానికి ప్రతి ఏకాదశికీ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నారు. తేదీలు గుర్తుండాలని నేను పదిహేను రోజులకోసారి అన్నాను, ఏకాదశి అయితే తానే గుర్తుపెట్టుకుంటానంది అమ్మ. హైడ్రాలిక్ లిఫ్టు మాత్రం గొర్రుని ఎత్తి నిలపట్లేదు, పది నిమిషాల్లో దించేస్తోంది. సీళ్ళు పోయాయిట. కొలతలు రాసి పంపమని మేస్త్రీ గారిని అడిగాను. డిసెంబరు సెలవులకి ఆ పని పెట్టుకున్నాం, ఈసారి మా అమ్మాయి కూడా పానా పడతానంటోంది.